గట్టు కాదు, డొంక

మా ఊరి గురించి పిల్లలకు చెప్పేటప్పుడు నేను నేలతో మొదలుపెడతాను. నేను సోషల్ టీచర్ని. ప్రత్తిపాడుకు దగ్గర్లోనే మా బడి. ఊరికి పడమరంతా నల్లరేగడి. మా అమ్మమ్మ కాలంలో అక్కడ పొగాకు, తర్వాత పత్తి, ఇప్పుడు ఎక్కువగా మిరప. పంటలు మారాయి గాని చేను ఎవరిది, కోత ఎవరిది అన్నది మారలేదు. తూర్పున పల్లం, నాలుగు చినుకులు పడితే బురదే. అక్కడ చర్చి చుట్టూ మా ఇళ్లు. ఆ భాగాన్ని పల్లె అంటారు. మేం పల్లంలో ఎందుకున్నామో పాఠ్యపుస్తకంలో ఉండదు. మెరక నేలంతా ముందే ఊళ్లోవాళ్ల కిందికి పోయిందని నేనే చెబుతాను. పిల్లలు రాసుకుంటారు.

పల్లెలో మనిషిని పాతిపెట్టడానికి కూడా నేల పనికిరాదు, కాస్త తవ్వితే నీళ్లొస్తాయి. అందుకే మా సమాధుల తోట వాగు దాటాక ఎర్రమట్టి దిబ్బ మీద ఉంది. అక్కడికి మిరప చేల మధ్యగా ఒకటే దారి. ఒకప్పుడు అది డొంక, అంటే బండి పోయేంత వెడల్పున్న సర్కారు బాట. పక్క చేను ఆసామి తండ్రి దాన్ని ఏటా కొంచెం కొంచెం కలుపుకుని దున్నాడు. కొడుకూ ఆ పని మానలేదు. నాకు ఊహ తెలిసేసరికి అది ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు దిగాల్సిన గట్టు.

నాన్న పోయినప్పుడు పెట్టె మోసినవాళ్లు మిరప మొక్కల్లో దిగక తప్పలేదు. ఆసామి చేలోంచి కేకేశాడు: "ఒరేయ్, కాపు మీదున్న మొక్కలురా, చూసుకుని నడవండి!" పాస్టరు గారు పాట ఆపేశారు. మోసేవాళ్లు గట్టు మీదికి సర్దుకోబోతే పెట్టె ఒక పక్కకు ఒరిగింది. నేను రెండు చేతులా పట్టుకున్నాను. ఆ రోజు నాకు ఏడుపు కంటే సిగ్గు ఎక్కువైంది. నేనెందుకు సిగ్గుపడాలి అన్న కోపం చాలా ఏళ్లకు గాని రాలేదు.

ఈమధ్య మా ఊళ్లో రీసర్వే పెట్టారు. డ్రోను ఎగిరింది, సర్వేయరు చేను చేనుకూ తిరిగి హద్దులు రాసుకున్నాడు. ఆ వేళకు నేను బడిలో ఉన్నాను. దారి పక్కన కాయలు కోస్తున్న అమ్మను పిలిచి ఇదేమిటమ్మా అని అడిగాడట. "అయ్యగారి గట్టండి. ఆయన పోనిస్తే పోతన్నామండి" అంది అమ్మ. అతను అలాగే రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఆ సంతకం అమ్మకు నేర్పింది నేనే.

సాయంత్రం ఆ సంగతి మామూలుగా చెబుతుంటే నాకు ఒళ్లు మండింది.

"గట్టని ఎందుకు చెప్పావమ్మా?"

"మరేమనాలే? ఇన్నేళ్లబట్టీ గట్టనే అంటన్నాంగా. ఆయన ఎదురుగానే నిలబడున్నాడు."

అమ్మ అబద్ధం చెప్పలేదు. కూలికి పోయే చేను ఆసామి ఎదుట ఆయన మాటే వాడింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? పిల్లల కోసం నేను గీసిన ఊరి పటంలో పశువుల ఆసుపత్రి ఉంది, సెల్ టవరు కూడా ఉంది. ఈ దారి లేదు.

ఊరి పాత సర్వే పటం చూపించమని, సెలవు పెట్టి తహసీల్దారు ఆఫీసుకు పోయాను. పాత పటం ఇవాళ దొరకదు, రేపు రండన్నారు. రేపూ పోయాను, ఎల్లుండీ పోయాను. నాలుగోసారి పరీక్ష పేపర్లు వెంట తీసుకెళ్లి, కుర్చీ లాక్కుని అక్కడే దిద్దడం మొదలుపెట్టాను. సగం కట్ట అయ్యేసరికి పటం దొరికింది! పల్లె నుంచి దిబ్బ దాకా రెండు చుక్కల గీతలు, మధ్యలో డొంక అన్న మాట. నాకు ప్రాణం లేచొచ్చింది.

సర్వేయరు దాన్ని చూసి తల గోక్కున్నాడు. "ఉంది మేడం, కాదనను. కానీ గట్టని మీ అమ్మగారే సంతకం పెట్టారు. ఆవిడే వచ్చి అందరి ముందూ చెప్తే మళ్లీ కొలుస్తాను."

అమ్మను ఒప్పించడం ఆఫీసు కంటే కష్టమైంది. "ఆయన చేలో పన్జేసి తిన్న కూడే గదే" అంది. పని చేసే తిన్నావు, ఊరికే పెట్టలేదన్నాను. రెండు రోజులు ఎప్పటిలాగే ఆయన చేలోకే కోతకు పోయింది. మూడో రోజు పొద్దున్నే చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. "పద" అంది.

మేం వెళ్లేసరికి సర్వేయరు, ఆసామి, ఊళ్లోవాళ్లు కొందరు ఆ దారి దగ్గర ఉన్నారు. ఆసామి మర్యాదగానే అడిగాడు: "ఏమ్మా, ఇన్నేళ్లు నా చేలో పన్జేశావు. ఇది గట్టా కాదా, నువ్వే చెప్పు."

నోటిదాకా వచ్చిన మాటను నేను మింగేశాను. చెప్పాల్సింది నేను కాదు.

"డొంకేనండి" అంది అమ్మ. "మా అత్త పోయినప్పుడు రెండెడ్ల బండి మీద ఈ దారమ్మటే తీసకపోయారండి. నేను బండెనకాలే నడిచా. గట్టు మీద బండి పోదు గదండీ."

సర్వేయరు మిషను నిలబెట్టి కొలిచాడు. హద్దు రాయి మిరప చేలో మూడు సాళ్ల లోపల పడింది.

ఆ చేలో తర్వాతి కోతకు పల్లెలో ఆడవాళ్లందరినీ పిలిచారు, అమ్మను తప్ప. వెళ్లి అడిగేస్తానని నేను చెప్పులేసుకుంటుంటే అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పోనీలేవే, ఇంకో చేను లేదా? రేపు నన్ను మోసుకుపోయేటప్పుడు ఆయన్ని అడగక్కర్లా. అది చాలు."