రోశమ్మ నాటకంలో యూదుడు

మా మేనత్త రోశమ్మ నోరు మూయించగల మనిషి ఉదయగిరి కొండ చుట్టుపక్కల పుట్టలేదు. ఊరవతల మా పాలెంలో ఇంటింటికీ వెళ్ళి బైబిలు చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. ఏటా శుభ శుక్రవారం నాడు సిలువ నాటకం ఆడించడం ఆమె ప్రాణం. ఆ ఒక్క సాయంత్రం ఆమె మహారాణి.

ఆ నాటకంలో ఏసును చంపమని అరిచే యూదుడి వేషం ఎప్పుడూ ఆమె మొగుడిది, అంటే మా ఆదెయ్య మామది. "సిలువ వెయ్యండి!" అని ఆయన అరవగానే జనం ఒళ్ళో దాచుకున్న మట్టిబెడ్డలు విసిరేవాళ్ళు. అది మా పాలెం ఆచారం. మామకు అదో సంబరం. వీపు వాచేకొద్దీ తన వేషం పండిందని మురిసిపోయేవాడు, పిచ్చి మారాజు!

పందొమ్మిది వందల యాభై మూడులో అత్త సంఘం పనిమీద ఆత్మకూరు వెళ్ళి, హైస్కూల్లో చరిత్ర చెప్పే ఆనందమ్మగారి ఇంట్లో దిగింది. మాటల్లో ఆ టీచరమ్మ పాతకాలపు ఫ్రాన్సు సంగతి చెప్పింది. అక్కడ రాజూ ప్రజలూ క్రైస్తవులే. వాళ్ళ మధ్య యూదులు తరతరాలుగా బతికారు. యూదులెవరో తెలియాలని రొమ్ము మీద పసుపు గుడ్డ కుట్టుకొని తిరగమన్నారట. ఒక రాజు ఉన్నదంతా లాక్కుని దేశం నుంచే వెళ్ళగొట్టాడు. తర్వాత మళ్ళీ రానిచ్చారు గానీ, బావుల్లో విషం కలిపారని నింద వేసి ఎంతోమందిని తగలబెట్టారు.

అత్తకు ఒళ్ళు మండిపోయింది. "అదేందమ్మా! ప్రభువు యూదుడు, ఆయన్ని కన్న మరియమ్మ యూదురాలు. ఆ ఇంటోళ్ళనే తరిమి, మళ్ళీ ఆయనకే మొక్కినారా? థూ!"

ఇంటికొచ్చి, "ఈ ఏడు బెడ్డలు లేవు" అనేసింది. మామ అలిగి అన్నం మానేశాడు. పాస్టరుగారైతే, "బెడ్డలు లేకుంటే జనం లేచి వెళ్ళిపోతారు రోశమ్మా. నాటకం చెడిందా, వచ్చే ఏడు ఇంకొకరికిస్తా" అన్నారు. అయినా అత్త మాట మార్చుకోలేదు.

నాటకం రోజు జనం ఒడినిండా బెడ్డలతోనే వచ్చి కూర్చున్నారు. చెబితే వినే రకాలా! అత్త ముందుకొచ్చి ఆత్మకూరులో విన్నదంతా చెప్పింది. పసుపు గుడ్డ దగ్గర ఇంకా గుసగుసలాడుకుంటున్నారు. బావుల్లో విషం దగ్గరికి వచ్చేసరికి ముసలి మస్తానయ్య లేచాడు.

"రోగమొచ్చి ఊళ్ళో ఎద్దులు చస్తే, తోళ్ళ కోసరం మనమే విషం పెట్టినామని ఊరోళ్ళు మా నాయన్ని కట్టేసి కొట్టలా? అట్నేనా?"

"అట్నే పెద్దయ్యా" అంది అత్త.

నాటకం మొదలైంది. మామ వచ్చి, వీపు బిగించి, "సిలువ వెయ్యండి!" అని గొంతు చించుకున్నాడు. ఒక్క బెడ్డ పడలేదు. ఒక్క మనిషీ లేచి వెళ్ళలేదు. మళ్ళీ అరిచాడు. అప్పటికీ ఏమీ పడకపోయేసరికి పాపం బిక్కమొహం వేశాడు. "ఏందిరా, సరిగ్గా చెయ్యలేదా నేను?"

వెంగమ్మవ్వ కర్ర ఊతంతో వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళకి అక్కడ ఆదెయ్య లేడు, తరిమేసిన యూదుడే ఉన్నాడు. "యాడికీ పోబాక నాయనా. మా పాలెంలో ఉండు. మా బావిలో నీళ్ళు తాగు. నువ్వేందో కలిపినావని మేము అనంలే."

ఆ పాలెంలోనే పుట్టి పెరిగిన మామ భోరున ఏడ్చాడు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ, "వచ్చే ఏడు గూడా నీదేలే రోశమ్మా" అన్నారు.

"ఉంటాలే అవ్వా, యాడికి పోతాను" అన్నాడు మామ.