కంటైనర్‌లో ఏముందో చెప్పని సర్వర్

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను విశాఖ పోర్టు పక్కన ఒక కంటైనర్ యార్డులో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. ఏ కంటైనర్‌లో ఏ సరుకుందో, దాన్ని ఏ వరసలో పెట్టారో, అంతా ఆఫీసు సర్వర్‌లోని ఒక ప్రోగ్రాంలో ఉండేది.

నేను చెప్పబోయే సంగతి జరగడానికి నెల ముందు పక్క ఆఫీసులో వైరస్ పడి వారం రోజులు పని ఆగిపోయింది. అది చూసి మా సర్వర్‌లో యాంటీవైరస్ వేశాను. ప్రోగ్రాం తయారుచేసినవాళ్లు ఫోనులో ఒకటే చెప్పారు. "మా ఫోల్డరు జోలికి మాత్రం దాన్ని రానివ్వకండి మేడం. అది వదిలేసి మిగతావి వెతకమనండి." సరేనన్నాను గానీ, ఆ పని చెయ్యలేదు. ఇల్లంతా తాళాలు వేసి ఒక తలుపు తెరిచి పెట్టినట్టనిపించింది.

ఆ వేళ పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది. పదకొండింటికి యార్డు సూపర్‌వైజర్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. పెద్దాయన. నేను బాబాయ్ అనేదాన్ని.

"అమ్మా, మూడో వరసలో ఒక బాక్సులోంచి పొగలాగ వత్తంది. ఒకటే ఎల్లుల్లి కంపు. దానిమీద డేంజర్ బొమ్మా లేదు, బోర్డూ లేదు. లోపలేటుందో బేగి సూసి సెప్పు."

బాక్సు నంబరు రాసిన చీటీ నా ముందు పెట్టి మళ్లీ కిందికి దిగాడు. ప్రోగ్రాం నొక్కాను. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. అప్పుడు చూశాను తెర మూల. పొద్దున వచ్చిన కొత్త అప్‌డేట్ తర్వాత యాంటీవైరస్ మా ప్రోగ్రాం అసలు ఫైలునే వైరస్ అనుకుని బంధించేసింది.

మేనేజర్ గారు వచ్చారు. "ఫైరింజిన్ బయల్దేరిందండీ. నీళ్లు కొట్టొచ్చా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

సరుకు కాగితాలు ఊళ్లో, ద్వారకా నగర్‌లో షిప్పింగ్ ఏజెంటు దగ్గర ఉన్నాయి. అక్కడ ఫోను ఎత్తేవాళ్లు లేరు. ప్రోగ్రాం వాళ్ల లైను బిజీ. ఫైలును విడిపిస్తే, అది నిజంగానే వైరస్ అయితే, సర్వర్ మొత్తం పోతుంది. విడిపించకపోతే బాక్సులో ఏముందో తెలియదు, కింద మనుషులున్నారు.

బీరువాలోంచి ప్రోగ్రాం సీడీ తీశాను. అందులోని ఫైలు సైజూ, తేదీ, బంధించిన ఫైలువీ పక్కపక్కన పెట్టి చూశాను. అంకె తేడా లేదు. ఫైలును విడిపించాను. మరుక్షణమే యాంటీవైరస్ దాన్ని మళ్లీ పట్టేసింది. బయట రేకుల మీద చినుకుల చప్పుడు మొదలైంది. ఫైరింజిన్ గంట కూడా వినబడింది. అప్పుడు, నెల కిందట చెయ్యాల్సిన పని చేశాను. ప్రోగ్రాం ఫోల్డరును వెతకొద్దని యాంటీవైరస్‌లో పెట్టి, ఫైలును మళ్లీ విడిపించాను. ప్రోగ్రాం తెరుచుకుంది. నంబరు కొట్టాను.

కాల్షియం కార్బైడ్. డ్రమ్ములు.

గ్యాస్ వెల్డింగ్‌కి వాడేది. గాలిలో చెమ్మ తగిలినా మండే గ్యాసు పుడుతుంది, నీళ్లు కొడితే పేలిపోవచ్చు.

"నీళ్లు వద్దు బాబాయ్! కార్బైడ్!" అని కిటికీలోంచి అరిచాను.

"పైపు దించండ్రా! బళ్లింజిన్లు ఆపీండి! టార్పాలిన్లు అట్టుకురండి!" అంటూ ఆయన వానలో పరిగెత్తాడు.

వాన పెరిగేలోపే బాక్సు చుట్టూ కప్పేశారు. మనుషుల్ని గేటు బయటికి పంపించారు. సాయంత్రానికి పొగ తగ్గింది. ఎవరికీ ఏమీ కాలేదు.

మేనేజర్ గారికి జరిగింది దాచకుండా చెప్పాను. "ఇదంతా రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. ఉద్యోగం పోలేదు. ప్రమాదకరమైన సరుకుల జాబితా రోజూ కాగితం మీద తీసి గేటు దగ్గర పెట్టే పని నేనే మొదలుపెట్టాను.

మర్నాడు టీ దగ్గర బాబాయ్ గ్లాసు కింద పెట్టి, "నాను ఇంకో ఐదు నిమిసాలు సూసి నీలు కొట్టించీసేవోణ్ణమ్మా" అన్నాడు. నేను ఆ రోజు తీసిన జాబితా కాగితం ఆయన చేతిలో పెట్టాను.