ఆకుకూ చెమట పడుతుంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకన్నా పురుగులకే మర్యాద ఎక్కువ. పరిగి దగ్గర మా ఊళ్ళో చాలా ఇళ్ళలాగే మేమూ పట్టుపురుగులు పెంచేవాళ్ళం. మంచి గది వాటిది, వసారా మాది. నాలుగోసారి తోలు విడిచాక అవి రాత్రీ పగలూ మేస్తూనే ఉంటాయి. వేల నోళ్ళు ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే వాన కురుస్తున్నట్టే ఉంటుంది. నిజం చెప్పాలంటే మా ఊళ్ళో వాన చప్పుడు బయటకన్నా ఆ గదిలోనే ఎక్కువసార్లు విన్నాను.

ఒక వేసవిలో, సరిగ్గా ఆ మేత రోజుల్లోనే, అమ్మా నాయనా రొద్దంలో పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. ఇంట్లో మా అవ్వ, పదేళ్ళ నేను మిగిలాం. మధ్యాహ్నం మేతకు మల్బరీ ఆకును ఎండెక్కకముందే కోసి, తడిపిన గోనెపట్ట కప్పి ఉంచడం నా పని. ఆకతాయి పిల్లకు ఆకు పని అప్పగించారన్నమాట. మా వీధిలో నిద్రగన్నేరు చెట్టు లేని లోటు నేనే తీర్చేదాన్ని; ఆ రోజూ తీర్చాను. అవ్వ లేపి గదిలోకి వెళ్ళగానే మళ్ళీ పడుకున్నాను. లేచాక కాసేపు ఆడుకున్నాను. ఇంటి వెనక తోటలో అడుగుపెట్టేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

బుట్టెడు ఆకు కోసి ఇంట్లోకి తెచ్చేలోపే అది చెవులు వేలాడేసింది. అవ్వ చూస్తే నా పని అయిపోయినట్టే. అందుకని బుట్టను నీళ్ళ తొట్టిలో ముంచి తీశాను. ఆకు నిగనిగలాడింది. నా తెలివికి నేనే మురిసిపోతూ ఒక తట్టలో పురుగులకు వేసేశాను కూడా. రెండో తట్ట దగ్గరికి వెళ్ళేసరికి అవ్వ చేయి బుట్టలో పడింది.

"ఏమ్మే, ఈ ఆకు యాడ కోసినావు?"

"మన తోటలోనే అవ్వా."

"మన తోటలో వాన పడిందా? అట్లయితే ఊరంతా టముకు వేయించాల గదమ్మే!"

దెబ్బ పడుతుందనుకున్నాను. అవ్వ మాత్రం ఒక ప్లాస్టిక్ కవరు తీసుకుని తోటలోకి నడిచింది. ఎండలో ఉన్న ఒక కొమ్మకు, ఆకులన్నీ లోపల ఉండేలా, దాన్ని బిగించి కట్టింది. ఎందుకో చెప్పలేదు. వచ్చి తన పాత చీర సగానికి చించి, ఒక ముక్క నా చేతికిచ్చింది. ఇద్దరం బుట్ట ముందు కూర్చుని ఒక్కో ఆకూ తుడవసాగాం.

"తడపాల్సింది గోనెపట్టను, ఆకును కాదు," అంది తుడుస్తూనే. "తడి ఆకు తింటే పురుగుకు కడుపు చెడుతుంది. ఒకదానికి వస్తే తట్టంతా పోతాది. ఆ తట్టను ఈడే పెట్టుకుంటే గదంతా పోతాది."

గదంతా పోవడమంటే నెల రోజులుగా మా ఇంట్లోవాళ్ళు నిద్ర మాని పడ్డ కష్టమంతా పోవడమే. అవ్వ తల ఎత్తలేదు, చేయి ఆపలేదు. ఎదురుగా కళ్ళు లేవు కాబట్టే కాబోలు, నోరు పెగిలింది.

"అవ్వా... ఒక తట్టకు వేసేసినా."

చీర ముక్క క్షణం ఆగింది. "చెప్పినావు, మంచి పని చేసినావు. లెయ్, చూపిద్దువు."

ఆ తట్టను వసారాలోకి మార్చి, తడి ఆకు ఏరేసి, మిగిలిన తేమ పీల్చేందుకు సున్నప్పొడి చల్లాం. మిగతా తట్టలకు తుడిచిన ఆకు వేశాక అవ్వ నన్ను తోటలోకి తీసుకెళ్ళింది. కవరు లోపలంతా నీటి చుక్కలు!

"వాన గాదు పాపా, ఆకుకు పట్టిన చెమట. ఎండెక్కే కొద్దీ పడ్తాండాది. కొమ్మన ఉన్నంత సేపు వేరు పంపే నీళ్ళు తొడిమెలోంచి ఈ ఈనెల్లోకి వస్తాండాయి. కోసినాక దారి తెగిపాయ, చెమట మాత్రం ఆగల్యా. నువ్వేమో దాని నెత్తిన నీళ్ళు పోస్తివి. దాని నోరు నెత్తిన ఉండాదా?"

ఆకు అడుగున కంటికి కనిపించని రంధ్రాలుంటాయనీ, చాలావరకు నీళ్ళు ఆవిరయ్యేది వాటిలోంచేననీ తర్వాత బడిలో వాటి పేర్లతో సహా చదివాను. అవ్వకు ఆ పేర్లేవీ తెలియవు. నేనేమో పరీక్షలో పేర్లు మరిచిపోయినా ఆ కవరు గుర్తొచ్చి గట్టెక్కాను.

వసారాలోని తట్టను నేనే చూసుకున్నాను. మూడు రోజుల్లో సగం పురుగులు మెత్తబడి చచ్చిపోయాయి. వాటిని ఏరి పారేసిందీ నేనే. గదిలో ఉన్నవన్నీ గూళ్ళు కట్టాయి. నాయన వచ్చాక అవ్వ, "పాప చెప్పబట్టి ఇవి మిగిలినాయప్పా," అని మాత్రం అంది. ఏం చెప్పిందని నాయన అడగలేదు. నా మొహంలో చదువుకునే ఉంటాడు.

ఇప్పుడు నేను ధర్మవరంలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అప్పుడప్పుడు ఏ పిల్లో నా బల్ల దగ్గరికి వచ్చి, ఏదో చెప్పాలని నిలబడి, చెప్పలేక వేళ్ళు నలుపుకుంటుంది. అప్పుడు నేను తలెత్తను. నోటు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి సర్దుతూనే ఉంటాను, ఆ పిల్ల మాట బయటికి వచ్చేదాకా.