లాప్‌టాప్ సంచిల పెట్టుకొని రేగోడ్ దాకా

మెదక్‌ల చర్చి రోడ్డు మీద మాది పెండ్లి కార్డుల దుకాణం. టేబుల్ మీద మానిటర్, కింద సీపీయూ, పక్కన యూపీఎస్. ఇరవై ఏండ్ల సంది కంప్యూటర్ అంటే నాకు గదే. మా బిడ్డ శ్రావణి హైదరాబాద్‌ల కొలువుల చేరినంక నాకొక లాప్‌టాప్ కొనుక్కొచ్చింది. షోరూంల అన్నిటికంటె మీది అరల పెట్టేటి రకమట. మూస్తే అట్టముక్క లెక్క ఉన్నది. "గింత రేకుముక్కకు గంత ధరనా? నిన్నెవడో మంచిగ ముంచిండు" అన్న. పిల్ల మూతి ముడుసుకున్నది. లాప్‌టాప్ పొయ్యి బీరువాల చీరెల నడుమ పడుకున్నది.

దాన్ని బయటికి తీపిచ్చింది మౌనిక. మా దుకాణంలనే టైపింగ్ నేర్సుకొని, రెండేండ్లు నా పక్క కుర్చీల కూసొని పనిచేసిన పిల్ల. ఊరు రేగోడ్. పెండ్లి కుదిరింది, కార్డు నేనే చెయ్యాలె. కానీ కార్డు కాడ్నే లొల్లి మొదలైంది. వాళ్ల నాయిన మల్లేశం, పెద్దనాయిన పోచయ్య ఒక్క ఇంటిని నడుమ గోడ పెట్టి పంచుకున్నరు. బోరు నీళ్ల కాడ మాటా మాటా పెరిగి మాట్లాడుకునుడు బంద్ చేసిండ్రు. 'ఆహ్వానించువారు' కింద పెద్దోన్ని నేను, నా పేరే మీద ఉండాలె, నా కండ్లతోని చూస్తెనే పెండ్లికొస్త అని పోచయ్య. నా బిడ్డ పెండ్లికి పిలిచేటోన్ని నేను, నా పేరే మీద ఉండాలె అని మల్లేశం.

ఫోన్‌కు ప్రూఫ్ పంపుతనే ఉన్న. చిన్న తెర మీద ముసలాయన పోచయ్యకు అక్షరం ఆనదు. పక్కోడు సదివి చెప్పేటాల్లకు ఇంకో లొల్లి అయితది. ఆఖరికి మౌనిక ఫోన్ల ఏడ్సింది. "సార్, నన్ను సైకిల్ మీద బడికి తోల్కపోయిందే పెద్దనాయిన. ఆయన రాకుంటె నేను పీటల మీద ఎట్ల కూసుంట?" నేనే రేగోడ్ పోయి పెద్ద తెర మీద చూపెడ్తనని శ్రావణికి చెప్తె, "గా దుకాణం డబ్బా నెత్తిన పెట్టుకొని పోతవా నాన్నా? లాప్‌టాప్ తీస్కపో, మోసపోయిన బిడ్డ ఇచ్చింది కదా" అని దెప్పింది.

పొద్దుగాల మెదక్ బస్టాండ్ల బస్సెక్కిన. సంచిల కార్డు ఎక్కిచ్చిన లాప్‌టాప్, చార్జర్, నా పాత మౌస్. బస్సు నిండ ఏడుపాయల అమ్మవారి కాడికి పోయేటి ఆడోళ్లే, ఆధార్ కార్డు చూపెట్టి జీరో టికెట్ల మీద కూసున్నరు. రేగోడ్ పోదామనుకునేటోళ్లకు నా సలహా, అమ్మవారి దినాలు ఇడిసిపెట్టుండ్రి, లేకుంటె నిలవడే ప్రయాణం. నాకైతే నసీబు మంచిగుండి సీటు దొరికింది. సంచి ఒళ్లె పెట్టుకొని కోడిపెట్టను పట్టుకున్నట్టు పట్టుకున్న.

పక్కన కూసున్న అక్క నిజంగనే కోడిని పట్టుకున్నది. "ఏందన్నా, గంత భద్రంగ పట్టుకున్నవు?"

"కంప్యూటర్ అక్కా."

"గా సంచిల కంప్యూటర్ ఎట్ల పడ్తదే?"

"నాకూ గదే అనుమానమున్నది" అన్న. ఆమె ఒకటే నవ్వుడు.

వాళ్లు ఏడుపాయల తొవ్వ కాడ దిగినంక బస్సు ఖాళీ అయింది. జర ధైర్యం చేసి లాప్‌టాప్ తెరిచిన. మౌస్ పెడ్దామంటె పిన్ను పట్టేటి సందే లేదు! ఎడమకు చూసిన, కుడికి చూసిన, తలకిందులు చేసి చూసిన. అన్నీ చీమ దూరేటంత సందులే. పైసలన్నీ ఏడ పెట్టిండ్రో గానీ మౌస్ సందు మాత్రం పెట్టలే. ఇగ ఏలితోనే గీకాలె. తారీఖు పట్టుకొని జరుపుదామంటె పెండ్లికొడుకు పేరు జరిగింది. బస్సు గుంతల పడ్డప్పుడల్లా అచ్చరాలు పెద్దగయితున్నయ్, చిన్నగయితున్నయ్. "శ్రావణీ, నీకు దండం పెడ్త" అని మూసేసిన. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె. కిటికీల ఎండ తెర మీద పడ్తున్నా అచ్చరం ముత్యం లెక్క కనవడ్డది.

అల్లాదుర్గంల బస్సు మారాలె. రేగోడ్ బస్సు ఎప్పుడొస్తదని అడిగితె చాయ్ హోటలాయన, "వచ్చినప్పుడు ఎక్కుండ్రి సార్, గప్పటిదాంక బజ్జీలు తినుండ్రి" అన్నడు. బజ్జీలు మస్తుగున్నయ్. రెండో బస్సు వచ్చింది. అటుపక్క పత్తి చేన్లు, ఇటుపక్క కంది. పగటి బువ్వ యాళ్లకు రేగోడ్‌ల దిగిన.

మౌనిక బస్సు కాడికే వచ్చింది. ముఖం సగమైంది పిల్లది. ఇంటికి పోతె, మల్లేశం పడసాలల మంచమేసి కూసొవెట్టిండు. తెర చూసి, "నా పేరు మీద పెట్టు సార్, తిరుగుడే లేదు" అన్నడు. పెట్టిన. లాప్‌టాప్ తెరిచినట్టే చేతుల మీద పట్టుకొని, గోడ తిరిగి పోచయ్య ఇంటికి పోయిన. ఆయన అద్దాలు సవరించుకొని చూసిండు. "నేను పుట్టినంకనే కదా వాడు పుట్టింది? మార్చుండ్రి కార్డుల సారూ." మార్చిన. మల్ల గోడ తిరిగి ఇటు. మల్లేశం ఎర్రగ చూసిండు. "గిదేం రివాజు సార్? కన్యాదానం చేసేది ఎవ్వరు?" మల్ల అటు. ఎన్నిసార్లు తిరిగిన్నో నాకే యాదికి లేదు. బస్సుల సతాయించిన ఏలు ఈ తిరుగుడుల బాగనే మర్లవట్టింది. దుకాణంల డెస్క్‌టాప్ ముందట కూసుంటె మందే నా కాడికి వస్తరు. గిప్పుడు వాకిట్లకెల్లి వాకిట్లకు నేనే తిరుగుతున్న.

పోచయ్య ఇంట్ల గడప కాడ వాళ్ల అమ్మ బాలమ్మ కూసున్నది. కొన్నాళ్లు ఈ కొడుకు కాడ, కొన్నాళ్లు ఆ కొడుకు కాడ ఉంటది. "గదేంది బిడ్డా, పలకనా?" అని అడిగింది.

"నీ మనుమరాలి పెండ్లి కార్డు అవ్వా."

"సదువు."

సదివిన. గా గడియల తెర మీద పోచయ్య పేరు మీద ఉన్నది, దాని కింద మల్లేశం పేరు. అవ్వ రెండు పేర్లు ఇని, "ఇద్దరూ ఉన్నరు కదా" అనుకుంట లేసి లోపలికి పోయింది. నీళ్లు తాగుతందుకు పోయిందనుకున్న. తడిపసుపు గిన్నె పట్టుకొని వచ్చి, నేను అయ్యో అనేలోపు ఆ తెర నాలుగు మూలలకు ఏలితోని పసుపు పెట్టింది!

"అవ్వా! గది కాయితం కాదే! నా బిడ్డ చంపుతది నన్ను!"

"ఏంది కాయితం కాదు? పేర్లున్నయా లేవా? లగ్నం ఉన్నదా లేదా? మొదటి కార్డు ఇదే. పసుపు పెట్టినంక ఇగ అచ్చరం మార్చుడు లేదు."

నేను సదివింది ఇని మల్లేశం గోడ మీదికెల్లి తొంగిచూస్తుండు. పసుపు పెట్టిన కార్డును దిద్దుమనేటి ధైర్యం మా దిక్కు ఎవ్వనికుంటది? అది అపశకునం. నేను పసుపు తుడుద్దామని జేబుల రుమాలు తీసి, మల్ల మెల్లగ లోపలే పెట్టుకున్న.

అవ్వ ఆగలే. "మొదటి కార్డు దేవుని కాడ పెట్టాలె. పెద్దోడు తీస్కపోవాలె. లేవురా పోచిగా."

దేవుని అర్ర పంపకంల మల్లేశం పాలికి పోయింది. బోరు లొల్లి సంది పోచయ్య ఆ ఇంట్ల అడుగు పెట్టలేదు. మౌనిక గోడ కాడ నిలవడ్డది. "పెద్దనాయినా" అని మెల్లగ పిలిచింది. ఆయన తువ్వాల నడుముకు చుట్టుకొని, నా చేతులకెల్లి లాప్‌టాప్ అందుకున్నడు. పొంగే పాలగిన్నె మోసినట్టు రెండు చేతుల మీద పెట్టుకొని నడిచిండు. గేటు కాడ మల్లేశం ఉన్నడు. పక్కకు జరిగి, "గడప ఎత్తున్నది అన్నా, పైలం" అన్నడు.

గంతే అన్నడు. అవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. అబద్ధమెందుకు, నేనూ తుడుసుకున్న.

బువ్వ పెట్టిగాని పంపలే. మాపటి బస్సుల కిటికీ పక్కన సీటు దొరికింది. పొద్దున ఏసిన చార్జింగ్ ఇంకా మస్తున్నది, సంచిల చార్జర్ ఉత్తగనే మోసిన. అల్లాదుర్గం రాకముందే శ్రావణి ఫోన్. "ఎట్లున్నది నాన్నా నా రేకుముక్క?"

"మౌస్ సందు లేదు, ఏలు నొస్తున్నది, తెరకు పసుపంటింది" అని అన్నీ ఏకరువు పెట్టిన. పసుపు ఎట్లంటిందో చెప్పేటాల్లకు అటుదిక్కు పిల్ల, "తుడువకు నాన్నా" అన్నది.

వెంటనే మౌనిక ఫోన్ చేసింది. "సార్, పెద్దనాయిన ఇంకా మా ఇంట్లనే ఉన్నడు. నాయినా ఆయనా పందిరి ఏడ ఏయాలె అని కొట్లాడుతుండ్రు." పిల్ల నవ్వుకుంట చెప్తుంది.

మెదక్‌ల దిగేసరికి చీకటి పడ్డది. దుకాణంల పాత సిస్టం ఉండనే ఉన్నది, రేపు దాని మీదనే కూసుంట, దాని మౌసే నా చేతికి మంచిగుంటది. కానీ దాన్ని చేతుల మీద పెట్టుకొని ఎవ్వడు తమ్ముని గడప దాటుతడు?