ఏడిండ్ల పాతబట్ట

ఖాలా పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను మహబూబాబాద్‌లో మా కాలేజీ స్టాఫ్ రూములో జవాబుపత్రాలు దిద్దుతున్నాను. "అక్కా, అమ్మ పోయింది. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక తీస్కపోతం. అందుకుంటవో లేదో, చెప్పాలె గదా అని చెప్తున్న" అన్నాడు. ఎర్రపెన్ను మూత పెట్టాను. తర్వాత ఆ పత్రం మీద ఎన్ని మార్కులు వేశానో గుర్తు రాక మళ్ళీ మొదటినుంచి చదివాను. బడికి వెళ్ళి నా కూతుర్ని తీసుకుని భూపాలపల్లి బస్సెక్కేసరికి పదకొండు దాటింది.

ఖాలా అంటే పిన్ని. నాకు ఆమెతో ఏ చుట్టరికమూ లేదు. భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో మా గోడ, వాళ్ళ గోడ ఒకటే. ఆమె భర్త బాయిలో పైకప్పు కూలి పోయాడు. ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది, ఆ క్వార్టరూ మిగిలింది. నా భర్త కూడా ఆ బాయిలోనే పని. పెళ్ళయి, యూనివర్సిటీలో చదివిన సోషియాలజీని సంచిలో మోసుకుని నేను ఆ ఇంట్లో దిగినరోజు, గోడ మీది నుంచి ఒక గిన్నె చాయ్ అందిస్తూ ఆమె అన్న మొదటి మాట: "బొగ్గు ఊరు బిడ్డా ఇది. బట్టలు బయట ఆరేస్తే నల్లగైతయ్. ఇంట్ల ఆరేస్కో."

బట్టల గురించి ఆమె చెప్పినంత నాకెవరూ చెప్పలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా ఒక బట్టే.

నా మొదటి బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయాడు. అప్పటికే హన్మకొండ వెళ్ళి తెల్ల చొక్కాలు, టోపీలు, కొత్త మల్లుగుడ్డ కొనుక్కొచ్చి బీరువాలో పేర్చి పెట్టుకున్నాను. "ముందే కొనొద్దు" అని మా అత్త జనగామ నుంచి చెప్పినా నవ్వేశాను. దవాఖానలో నా పక్కన కూర్చున్నది ఖాలా. ఆమె ఆరోజు ఆకుపచ్చ వాయిల్ చీర కట్టుకుంది, దాని మీద బియ్యపుగింజంత తెల్లచుక్కలు. ఆ కొంగులో ముఖం పెట్టి ఏడ్చాను. ఎంత మెత్తగా ఉందో అని ఆ ఏడుపులో కూడా అనిపించింది, ఆ మాట పైకి కూడా అన్నాను. ఇంటికి వచ్చి బీరువా తెరిస్తే ఆ అర ఖాళీగా ఉంది. నాకంటే ముందే వచ్చి తీసేసిందామె. ఎక్కడ పెట్టిందో, ఎవరికిచ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూడేళ్ళకు మళ్ళీ కడుపు నిలిచింది. అప్పుడే సమ్మె. రాష్ట్రం కోసం బాయి ఆగింది, బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, సగంరోజులు దుకాణాల షట్టర్లు దిగే ఉండేవి. నేను మాత్రం ఇంకో భయంలో ఉన్నాను. ఇంట్లో ఒక్క గుడ్డముక్క తెచ్చి పెట్టనివ్వలేదు. నెలలు నిండుతున్నా బిడ్డకు అంటూ ఏదీ లేదు.

"రేపు పుడితే దేంట్ల సుడ్తవ్, పేపర్ల సుడ్తవా?" అంది ఖాలా ఒకరోజు.

"పుట్టినంక చూద్దాం ఖాలా."

"కొత్తయి కొనొద్దు, సరే. అడుక్కొద్దాం. ఏడిండ్లు. మీ దిక్కు గూడ గంతే గదా?"

అంతే. బిడ్డ పోయిన ఇంట్లో తర్వాతి కాన్పుకు కొత్తబట్ట తాకనివ్వరు. ఏడిళ్ళు తిరిగి పాతబట్ట అడిగి తెచ్చి, అందులోనే బిడ్డను చుడతారు. అడుక్కున్న బట్టలో ఉన్న పిల్లను చూసి చావుకు ఆశ పుట్టదని నమ్మకం. ఇలాంటి నమ్మకాల మీద నేను సెమినార్లో పేపరు చదివినదాన్ని. వద్దని అనాలి. అనలేదు. "నేను మాత్రం అడగలేను" అన్నాను.

"నిన్నెవరు అడగమన్నరు? నాకు నోరు లేదా?"

ఆ వారం మెయిన్ రోడ్డు మీద వంటావార్పు జరిగింది. క్వార్టర్ల ఆడవాళ్ళందరూ తారురోడ్డు మీదనే రాళ్ళు పెట్టి పొయ్యిలు ముట్టించారు. నన్ను టెంటు నీడలో కుర్చీలో కూర్చోబెట్టి, ఖాలా సంచి పట్టుకుని పొయ్యి పొయ్యికీ తిరిగింది.

"ఏంది ఖాలా, చందాకొచ్చినవా?" అంది బియ్యం కడుగుతున్న ఒకామె.

"చందా గాదు. పాతచీర కావాలె. అగో, ఆ బిడ్డకు."

"నెల జీతం లేక నాకే కట్టనీకె లేదు, నీకేడ తేవాలె?"

"కొత్తది ఇస్తనన్నా తీస్కోను. చినగవట్టిందే కావాలె. మెత్తది. మీరు తెలంగాణ అడుగుతుండ్రు, నేను పాతచీర అడుగుతున్న. ఎవలకు ముందొస్తదో సూద్దాం."

"నీకే ముందొస్తది! ఢిల్లీ కంటె మేమే నయం!" అని ఎవరో అరిస్తే రోడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నెలల్లో నవ్వడం అదొక్కసారే అనుకుంటా.

సాయంత్రానికి సంచి నిండింది. ఒకామె చర్చికి కట్టుకుపోయే తెల్లచీర తెచ్చిచ్చింది. ఇంకొకామె వాళ్ళ మామ పంచె ఇచ్చింది. ఒకరిచ్చిన చీరను వేళ్ళ మధ్య నలిపి చూసి ఖాలా తిప్పిచ్చింది: "గిది పాలిస్టర్. బిడ్డకు పొక్కులొస్తయ్. నీ మొగనికి లుంగీ కుట్టియ్యి."

తర్వాత వారం రోజులు ఆమె ఇల్లు ఒక కార్ఖానా. పెద్ద బిందెలో బట్టలు ఉడకబెట్టింది. బయట బొగ్గుదుమ్ము, పైన ముసురు. అందుకని కుంపటి మీద వెదురుగంప బోర్లించి, గంప మీద గుడ్డలు పరిచి ఆరబెట్టింది. ఆరిన ప్రతిదాని మీదా ఒక నీటిబొట్టు వేసి చూసేది. బొట్టు నిలబడితే ఆ గుడ్డ మళ్ళీ బిందెలోకి. "కొత్తబట్టకు పొగరుంటది, నీళ్ళు తాగది. మంది మీద నలిగిన బట్టే తాగుతది" అనేది. మూరెడు చదరం చింపి, అంచు చేత్తో కుట్టేది. మిషను కుట్టు గట్టిగా ఉండి పసిదాని తొడలు కోస్తుందట. మూలమూలకూ పిట్టముక్కులా చిన్న మడత పెట్టి, ముడి బయటివైపు వచ్చేలా దారం తెంపేది. రెండు మూలలకు నాడాలు. ఆ పిట్టముక్కు మడత ఇంకెవరి చేతిలోనూ నేను చూడలేదు.

అప్పుడు జనగామ నుంచి అత్త ఫోన్ చేసింది. బస్సులు లేక రాలేకపోతున్నానని ఏడ్చింది. తర్వాత అంది:

"ఏడిండ్లంటే ఏ ఇండ్లు పడితే ఆ ఇండ్లు గాదు బిడ్డా. ముత్తైదువలియే గావాలె. మగడు పోయిన ఆమె బట్ట ఒక్కటి కలిసినా మల్ల గదే అయితది. కుట్టేది ఆ పక్కింటామెనే అంటివి. ఆమెదేమన్న కలిపిందేమో అడుగు."

"అట్లేముండదు అత్తమ్మా" అన్నాను. ఫోను పెట్టేశాక "మల్ల గదే అయితది" అన్న మాట ఇంట్లోనే ఉండిపోయింది. అన్నం తింటుంటే ఉంది. బిడ్డ కడుపులో కదలడం కాసేపు ఆగితే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఖాలా ఇంటికి వెళ్ళాను. గడప దగ్గర వెలుతురులో కూర్చుని కుడుతోంది. పక్కన కుట్టినవి దొంతర. నేను నిలబడే అడిగాను.

"ఖాలా, ఇందుల నీ చీర ఏం లేదు గదా?"

ఆమె వెంటనే జవాబు చెప్పిందో, ఆగి చెప్పిందో నాకిప్పుడు తెలీదు. ఎన్నిసార్లు తల్చుకున్నానంటే, తల్చుకోవడంలోనే అది అరిగిపోయింది. దారం పంటితో కొరికి, "లేదు బిడ్డా. ఏడిండ్లయే. నా ఇల్లు లెక్కల లేదు" అన్నదని మాత్రం గుర్తు. ఎందుకు అడుగుతున్నావని ఆమె అడగలేదు. నేను కూర్చోలేదు. ఆ సాయంత్రం నాలుగు డజన్ల గుడ్డలు మూటగట్టి గోడ మీది నుంచి అందించింది.

మూడు వారాలు ముందుగానే నొప్పులొచ్చాయి. ఆరోజు బంద్. ఆటో ముందు సీట్లో ఖాలా కూర్చుని, రోడ్డుకు అడ్డం పెట్టిన బండలు కనబడ్డప్పుడల్లా మూట పైకెత్తి చూపించింది. "బిడ్డ వస్తుంది, జర జరుగుండ్రి!" జెండాలు పట్టుకున్న వాళ్ళే బండలు దొర్లించారు. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత. చర్మం ఉల్లిపొర లాగా ఉంది. మెత్తటి నూలుగుడ్డ తప్ప ఏమీ తగలనివ్వొద్దన్నారు. బయట దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మూట విప్పితే నర్సు గుడ్డను చెంపకు ఆనించుకుని, "ఎవరు కుట్టిండ్రమ్మా?" అంది.

బిడ్డ బతికింది. ఆ బట్ట వల్ల కాదని నాకు తెలుసు. తెలిసి కూడా, చినిగిన గుడ్డను సైతం ఏడాది నిండేదాకా పారేయలేదు.

ఆ ప్రశ్న గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నా బిడ్డకు మొదటి స్నానం పోసింది ఆమే. బిడ్డ మొదటి అడుగులు ఆ గోడ పట్టుకుని ఆ ఇంటివైపే వేసింది, ఆమెను నానీ, అంటే అమ్మమ్మ, అని పిలిచేది. ప్రతి శుక్రవారం గోధుమరొట్టెలు చేసి, గుడ్డలో చుట్టి, సత్తుడబ్బాలో పెట్టి పంపేది. "డబ్బా ఉంచుకున్నా ఏం గాదు. గుడ్డ మాత్రం పంపియ్యి. కడగకు, నేనే కడుక్కుంట" అనేది. ముసలితనపు పిసినారితనం అని నా భర్త, నేను నవ్వుకునేవాళ్ళం. నా కాలేజీ ఉద్యోగం కోసం మేం మహబూబాబాద్ వచ్చాక కూడా, ఎప్పుడు వెళ్ళినా తిరుగు ప్రయాణంలో రొట్టెలు కట్టిచ్చేది. గుడ్డ ఎవరితోనైనా పంపేదాకా ఫోన్లు.

క్షమించమని అడగాలని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే, ఆమె మర్చిపోయిన దాన్ని గుర్తుచేసినట్టవుతుందేమోనని ఆగాను. అది నిజమైన కారణమేనా అంటే చెప్పలేను. ఒకసారి ఆమె కోడలు ఏదో పరుషంగా అంటే, నేను కోడల్ని తప్పుబట్టబోయాను. ఖాలా చేత్తో వారించింది. "అది అన్లే బిడ్డా. దాని భయం అన్నది. భయం అన్న మాటను మనిషి అన్నట్టు పట్టుకోవద్దు." నావైపు చూడకుండా అంది. కోడలి గురించే అని ఉంటుంది.

ఆరోజు బస్సు దిగి మేం చేరేసరికి ఖాలాను ఇంకా తీసుకుపోలేదు. ఆడవాళ్ళు నన్ను లోపలికి రానిచ్చి ముఖం చూపించారు. తెల్లటి కొత్తబట్ట చుట్టారు. బట్ట బిరుసుగా ఉంది. ఆ బిరుసు ఆమెకు నచ్చదనిపించింది, ఏం చేయగలను. మగవాళ్ళు భుజాన మోసుకుపోయాక ఇల్లంతా చెప్పుల చప్పుడు ఆగిపోయి, ఎవరెక్కడ కూర్చోవాలో తెలీనట్టు అయింది.

చావింట్లో పొయ్యి వెలిగించరు. ఎదురు క్వార్టరామె పళ్ళెం నిండా వేడి రొట్టెలు తెచ్చింది. కోడలు ఏడుస్తూ లేవబోతే, "నువ్వు కూసో, నేను సర్దుత" అని వంటింట్లోకి వెళ్ళాను. అటక కింద సత్తుడబ్బా. మూత తీసి గుడ్డ బయటికి తీశాను. ఎప్పుడూ రొట్టెల చుట్టూ మడిచో, తిరిగి పంపడానికి ఉండ చుట్టో ఉండగానే చూశాను దాన్ని. మొదటిసారి పూర్తిగా పరిచాను.

మూరెడు చదరం. నాలుగు మూలలా పిట్టముక్కు మడతలు. రెండు మూలల్లో నాడాలు విప్పేసిన చోట సూది రంధ్రాలు. వెలిసి వెలిసి దాదాపు తెల్లబడిన ఆకుపచ్చ. వెలుతురుకు పట్టి చూస్తే, బియ్యపుగింజంత చుక్కలు.

ఆ చీర దవాఖాన రోజుల తర్వాత ఆమె ఒంటి మీద నేను చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఇన్నేళ్ళలో నాకు తోచలేదు.

"గీ గుడ్డ ఎప్పటిది?" అన్నాను గుమ్మంలోకి వచ్చిన కోడలితో.

"నా పెండ్లికి ముందటిది అక్కా. గిసొంటియి డజను కుట్టిందట. నాలుగే మిగిలినయ్. చిన్నపిల్లల గుడ్డల లెక్కనే ఉన్నయ్ గదా అత్తమ్మా అంటె, కాదు, రొట్టెలకే కుట్టిన అన్నది. ఒక్కటి పోయినా ఇల్లంతా దేవులాడుతుండె."

నేను అడిగిన రోజున అవి ఆ దొంతరలోనే ఉండి, నేను వెళ్ళాక ఏరి తీసి, నాడాలు విప్పుకుందా? లేక నా బిడ్డకు ఆ బట్ట ఏదో ఒక రకంగా అందాలని, ప్రతి శుక్రవారం అందులో చుట్టి పంపిందా? పారేయడం చేతకాని మనిషి కాబట్టి ఊరికే వాడుకుందా? చెప్పగలిగిన ఒక్క మనిషీ గంట క్రితమే వెళ్ళిపోయింది.

నా కూతురు వెనకనుంచి వచ్చింది. "అట్ల గాదమ్మా, నానీ ఎట్ల పెడ్తదో నాకెరుక" అని గుడ్డ నా చేతిలోంచి తీసుకుంది. డబ్బాలో పరిచి, వేడి రొట్టెలు ఒక్కొక్కటీ పేర్చి, నాలుగు మూలలూ వాటి మీదికి మడిచింది. నేను మూత పెట్టబోయి ఆగాను. రొట్టెల ఆవిరి గుడ్డకు తగిలి ఒక్కచోట చెమ్మగా మరక పట్టింది. ఆ చెమ్మ మెల్లగా అంచుల దాకా పాకుతూ ఉంది. ఒక్క బొట్టు కూడా పైన నిలవలేదు.