నీలం తిరిగిన చుక్క

హొసకోటె బస్సు దిగి, కొంగు బొడ్లో దోపుకొని, మునెమ్మ బెంగళూరు ల్యాబులో గాజుసామాను కడిగేది. కడిగిన ప్రతి గొట్టాన్నీ వెలుతురుకెత్తి చూసుకునేది. క్యాన్సర్ జాడను ముందే పట్టే బంగారు నానోకణాల పరీక్షకు జబ్బు లేనివాళ్ల నెత్తురూ కావాలంటే, తానే చేయి చాపింది. ఆమె నెత్తుటి తేట కలపగానే, జబ్బు జాడ ఉంటేనే రంగు మారే ఆ కణాల ఎర్రటి ద్రవం నీలమైంది. పరిశోధకుడు హేమంత్‌కుమార్ మళ్లీ మళ్లీ చేసి చూశాడు; నీలమే.

"ఇది ఇంకా ప్రయోగమే అక్కా, తప్పుండొచ్చు. అయినా ఆసుపత్రిలో చూపిద్దాం."

"తప్పయితే మంచిదే గదప్పా," అంది మునెమ్మ, తడిచేతులు తుడుచుకుంటూ.

ఆసుపత్రివాళ్లు అండాశయంలో చిన్న గడ్డ కనిపెట్టి, తీసేశారు. కోలుకుని పనికి వచ్చిన రోజు ఆమె చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది.

"ఈ పరీక్షను ఇప్పుడే నమ్మేదానికి లేదక్కా," అన్నాడు హేమంత్.

"నేను బతికుండాను గదప్పా," అంటూ మునెమ్మ చెల్లెలి చేతి గాజులు పైకి తోసింది.