వేడి గ్రహమూ, బాబాయి ఫ్లెక్సీ

ఆ రోజుల్లో ఈ లోకంలో నాకు తెలియనిది ఒక్కటే ఉండేది, కృష్ణపదార్థం, అదే డార్క్ మేటర్. అదీ ఇంకో వారంలో తెలిసిపోతుందని నా గట్టి నమ్మకం. (తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.) బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. కంటికి కనబడని ఆ పదార్థం గ్రహాల కడుపులో చేరి వేడి పుట్టిస్తుందేమో, కాబట్టి ఎప్పుడో చల్లారిపోవలసిన గ్రహం ఇంకా వెచ్చగా ఉంటే దాని జాడ దొరికినట్టే. ఇదీ మా పని. ఒక మధ్యాహ్నం నా లెక్కలో ఎక్కడో దూరాన ఉన్న గ్రహమొకటి ఉండవలసిన దానికంటే బాగా వేడిగా తేలింది. గైడుగారు సరిచూడకముందే, సెలవుకి ఊరొస్తున్న హుషారులో, పటమటలో ఉండే మా బాబాయికి ఫోన్ చేసి "దొరికేసింది బాబాయ్!" అని అరిచాను.

బాబాయి సంగతి తెలిసీ చేశాను, అదీ నా బుద్ధి. మా అన్నయ్య బ్యాంకు పరీక్ష పాసైతేనే ఫ్లెక్సీ వేయించిన మనిషాయన. నేను ఆటో దిగేసరికి వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటుకి నిలువెత్తున నేనే వేలాడుతున్నాను. "విశ్వరహస్యం ఛేదించిన మా ఇంటి ఆడపడుచు" అట! కింద వరసలో బాబాయి, పిన్ని, అసోసియేషన్ ప్రెసిడెంటుగారు నమస్కారాలు పెడుతూ. సాయంత్రం సెల్లార్లో సన్మానం. పిన్ని నాకు మంగళగిరి చీర కుచ్చిళ్ళు సర్దుతుండగా గైడుగారి ఫోనొచ్చింది. "ఆ గ్రహం వయసు తప్పు వేశావమ్మా. అది ఇంకా పసిది. పుట్టినప్పటి వేడే ఆరలేదు, అంతే."

పరుగున సెల్లార్లోకి దిగాను.

"బాబాయ్, తప్పయిపోయింది."

"ఏది, ఫ్లెక్సీలో పేరా?"

"కాదు, లెక్క. అసలేం దొరకలేదు."

"ఇప్పుడా చెప్పేది! కుర్చీలొచ్చేశాయ్ కదే!"

ఆ అపార్ట్‌మెంటులో బాబాయి మాటంటే అందరికీ గురి. నా నోటితొందర వల్ల అది కాస్తా పోతోందని నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన నేరుగా వెళ్ళి మైకందుకున్నాడు. "అందరూ క్షమించాలండీ. మా అమ్మాయి లెక్కలో తప్పు దొర్లిందట. వెనకా ముందూ అడక్కుండా ఫ్లెక్సీ వేయించింది నేను, తొందర నాది. టిఫిన్లు మాత్రం వేడిగా ఉన్నాయి, తినే వెళ్ళాలి." జనం చప్పట్లు కొట్టారు. శాలువా కూడా కప్పారు, తెచ్చింది ఏం చేస్తారు మరి! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

ఇన్నేళ్ళకి మొన్న మా పేపరు అచ్చయింది. చల్లారిన నక్షత్రాలూ గ్రహాలూ ఎన్నో గాలించాం, అలాంటి వేడి ఎక్కడా కనబడలేదని. (ఎక్కడ లేదో తేల్చడమూ పనేనండీ.) సిగ్గుపడుతూనే బాబాయికి చెప్పాను.

"ఫ్లెక్సీ వేయించనా?" అన్నాడు.

"కనబడలేదని కూడా వేయిస్తావా బాబాయ్?"

"పాతది స్కూటరు మీద కప్పీ కప్పీ చిరిగిపోయిందమ్మా. ఎలాగూ కొత్తది కావాలి."

గైడుగారిని అడిగి చెబుతానన్నాను.